చీపురుకట్టా, తాళంచెవుల గుత్తీ

దీపాలు పెట్టే వేళకు పిలవకుండానే మన ఇళ్ళలోకి వచ్చే చుట్టాలు ఇద్దరున్నారు. ఒకరు దీపపు పురుగు. కాస్త గౌరవంగా చెప్పాలంటే శలభం. రెండోవారు గబ్బిలం.

శలభానికి కవులు చేసిన మర్యాద ఇంతా అంతా కాదు. దీపాన్ని వలచి, ఆ దీపంలోనే మాడి మసైపోయిన ప్రేమమూర్తి అన్నారు. పారశీక గజళ్ళలో షమా, పర్వానా అంటూ మొదలైన ఆ ముచ్చట ఉర్దూలోకి వచ్చింది, అక్కణ్ణించి మన పాటల్లోకీ వచ్చింది. నవలలు రాసే మేమూ తక్కువ తినలేదు. నాయిక మనసు పారేసుకున్న చోటల్లా కిటికీలోంచి ఒక శలభాన్ని లోపలికి తోలుతూనే వుంటాం.

అదే గబ్బిలం వచ్చిందనుకోండి. ఇల్లంతా గగ్గోలు. పిల్లలు మంచాల కిందికి, పెద్దలు చీపురుకట్టల మీదికి. అరిష్టం అంటారు, ఇల్లు పాడుపడుతుందంటారు. ఎవరినన్నా తిట్టాలంటే "గబ్బిలాయి మొహం" అంటాం. ఆఖరికి సామెతలో కూడా దాన్ని వదిలిపెట్టలేదు. గబ్బిలాల ఇంటికి చుట్టాలొస్తే "నేనూ వేలాడతా, నువ్వూ వేలాడు" అన్నాయట. మర్యాద తెలియని ఇల్లని దెప్పడానికి తప్ప ఆ సామెతను మనం ఎక్కడా వాడం.

ఈ ఇద్దరి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పీట వేయాల్సిన చోట చీపురెత్తామనీ, చీపురెత్తాల్సిన చోట పీట వేశామనీ నాకనిపిస్తుంది. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. కాలేజీలో కప్పను కోసిన పాపాన పోలేదు. కాబట్టి ఇది జంతుశాస్త్ర పాఠం కాదు, భయపడకండి. పురుగులకూ పిట్టలకూ కూడా చరిత్ర వుంటుంది. గబ్బిలం పిట్ట కాదనుకోండి, పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువు. ఆ సంగతి తర్వాత.

ప్రపంచంలో గబ్బిలాలు 1400 జాతులకు పైమాటే. శలభాలైతే లక్షన్నర దాటతాయి. అందర్నీ పిలిస్తే పందిరి చాలదు. అందుకని ఒక్కొక్కరినే ఎంచుకుంటాను. గబ్బిలాల్లో, పాత ఇళ్ళ గోడ సందుల్లోనూ తాటిచెట్టు ఎండుమట్టల మధ్యా కాపురముండే పసుపు గబ్బిలం. వీపు గోధుమరంగు, పొట్ట పసుపుపచ్చ. గుళ్ళోనూ మర్రిచెట్టుకూ గుత్తులుగా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం కాదిది, పురుగుల్ని తిని బతికేది. శలభాల్లో, శనగపచ్చ పురుగు. మీకు ఇది రెక్కలతో తెలియకపోవచ్చు గానీ గొంగళిగా బాగా తెలుసు. టమాటా తరుగుతుంటే గుండ్రటి చిల్లు కనిపించి, ఆ చిల్లులో సగం ఒళ్ళు లోపల, సగం బయట పెట్టుకుని ఒక పచ్చటి పురుగు భోంచేస్తూ కనిపిస్తుంది చూశారూ, అదే. కందికాయలో, శనగకాయలో, మిరపకాయలో, పత్తికాయలో... అది తినని వంట లేదు. రెక్కలొచ్చాక మాత్రం మహా సాధువు. శనగపిండి రంగు రెక్కలు, పూలలో తేనె తప్ప మరేమీ ముట్టదు. మన దీపం చుట్టూ తిరిగే ప్రేమమూర్తుల్లో ఇదీ ఒకటి.

రెండింటినీ నేను చిన్నప్పుడు చూసింది ఒకే చోట, మా పెద్దమ్మగారి ఊరు నిజాంపట్నంలో. రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మడ అడవులు, ఉప్పుగాలి, చేపల పడవలు, ఎటు చూసినా తాటిచెట్లు. ఇప్పుడా ఊరి పేరు చెబితే చేపల హార్బరు గుర్తుకొస్తుంది గానీ, నాలుగు వందల ఏళ్ళ క్రితం దాని పేరు ఐరోపా వర్తకుల లెక్కల పుస్తకాల్లో వుండేది. పెదపల్లి అన్న మాట వాళ్ళ నోట పెటపోలి అయింది. 1606లో డచ్చివాళ్ళు అక్కడ వర్తకశాల పెట్టారు. 1611 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చింది. ఆంటొనీ హిప్పన్ దాని కెప్టెను. మన తూర్పు తీరాన ఆ కంపెనీ మొట్టమొదట వర్తకానికి దిగిన చోట్లలో నిజాంపట్నం ఒకటి, ఆ తర్వాతే వాళ్ళు మచిలీపట్నం వెళ్ళారు. అప్పుడు ఆ రేవును ఏలుతున్నది గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆయన స్వయంగా కవి. షమా పర్వానాల కవిత్వం వర్ధిల్లిన దర్బారు కిందే మా పెద్దమ్మగారి ఊరు వుండేదన్నమాట.

ఓడలు దేనికోసం వచ్చాయి? మన నూలుబట్ట కోసం. చిరువేరుతో అద్దిన ఎర్రరంగు కోసం. సముద్రపు గట్టున ఇసక నేలల్లో పెరిగే ఆ చిన్న మొక్క వేరు ఇచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా వెలిసేది కాదు. పెటపోలి ఎరుపంటే అప్పట్లో ఒక పేరు. ఇంగ్లీషువాళ్ళు 1687 వరకు పడుతూ లేస్తూ అక్కడ వర్తకం చేసి, ఆఖరికి మూటాముల్లె సర్దుకున్నారు.

గబ్బిలం సంగతి చెబుతానని ఈవిడ ఓడలెక్కించిందేమిటి అనుకుంటున్నారా? పేర్ల కోసం. నిజాంపట్నంలో గుడ్డ కొనడానికి దిగిన ఆ కంపెనీయే రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి దేశాన్ని ఏలుతోంది. లండన్‌లో దానికో మ్యూజియం వుండేది. ఇక్కడి దొరలు పంపిన చచ్చిన పిట్టలకూ జంతువులకూ పేర్లు పెట్టి అద్దాల బీరువాల్లో సర్దడం ఆ మ్యూజియం పని. దాన్ని చూసుకునే డాక్టర్ థామస్ హార్స్‌ఫీల్డ్ 1831లో మద్రాసు నుంచి వచ్చిన ఒక పసుపు గబ్బిలాన్ని వర్ణించి, హీత్ అనే దొరగారి పేరు పెట్టాడు. స్కోటోఫిలస్ హీథై. చీకటిని ప్రేమించేది అని మొదటి మాటకు అర్థం. ఇంత చక్కటి పేరున్నదాన్ని మనం గబ్బిలాయి అంటాం.

శలభం పేరు కథ ఇంకా తమాషా. మన అద్దకపు గుడ్డల మోజులో ఐరోపా మునిగిపోయాక వాళ్ళే అద్దకం కార్ఖానాలు పెట్టుకున్నారు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ అలాంటి అద్దకాలకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరి వాడు యాకోబ్ హ్యూబ్నర్. బొమ్మలు గీయడం నేర్చి, 1786 నుంచి 1789 దాకా ఉక్రెయిన్‌లో ఒక నూలుబట్టల కార్ఖానాలో డిజైన్లు గీసే ఉద్యోగం చేశాడు. పగలు గుడ్డల మీద పూలు, తీరిక దొరికితే శలభాల బొమ్మలు. తర్వాత జీవితమంతా శలభాలకే అంకితమయ్యాడు. మన శనగపచ్చ పురుగుకు 19వ శతాబ్దం తొలి పదేళ్ళలో 'ఆర్మిజెరా' అని పేరు పెట్టింది ఆయనే. ఆయుధం పట్టినది అని దానర్థం. నూలుబట్ట మీద బొమ్మలు గీసి బతికిన మనిషి పత్తిచేలకు యముడు కాబోయే పురుగుకు బారసాల చేశాడు. నేను నవలలో రాస్తే మీరే "మరీ కల్పన" అంటారు.

పేర్లయితే పెట్టారుగానీ, ఈ రెండూ చీకట్లో ఎలా బతుకుతున్నాయో ఆ దొరలకు తెలియదు. అది తెలియడానికి చాలా కాలం పట్టింది. 1793లో ఇటలీలో లాజరో స్పల్లంజానీ అనే మతగురువు ఒక గుడ్లగూబనూ కొన్ని గబ్బిలాలనూ పెంచుతుండేవాడు. కొవ్వొత్తి ఆరిపోతే గుడ్లగూబ గోడలకు కొట్టుకుంది. గబ్బిలాలు మాత్రం హాయిగా ఎగిరాయి. అంత చీకట్లో ఎలా చూస్తున్నాయి? ఈ ప్రశ్న ఆయన్ను కుదురుగా వుండనివ్వలేదు. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది గానీ చెప్పక తప్పదు. వాటి కళ్ళు తీసేశాడు. అయినా ఎగిరాయి. పావియా ఊళ్ళో చర్చి గంటగోపురంలో వుండే గబ్బిలాల్ని గుడ్డివాటిని చేసి వదిలి, కొన్నాళ్ళకు పట్టి కోసి చూస్తే కళ్ళున్న వాటి లాగే కడుపునిండా పురుగులున్నాయి. జెనీవాలో లూయీ జ్యూరీన్ అనే వైద్యుడు మరో పని చేశాడు. చెవుల్లో మైనం పెట్టాడు. అప్పుడు కొట్టుకున్నాయి గోడలకు!

చెవులతో చూస్తుందా? పెద్ద పెద్ద పండితులు నవ్వారు. చెవులతో చూస్తే కళ్ళతో వింటుందా అని వేళాకోళం చేసినవాళ్ళూ వున్నారు. ఆ నవ్వు నూట నలభై ఏళ్ళు నడిచింది. 1938లో అమెరికాలో హార్వర్డ్‌లో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి, మన చెవికందని సన్నటి శబ్దాలను పట్టే యంత్రం ఒకటి పియర్స్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు దగ్గర వుందని తెలిసి, గబ్బిలాల్ని సంచిలో వేసుకుని వెళ్ళాడు. యంత్రం ముందు పెట్టేసరికి మౌనవ్రతం అనుకున్న గబ్బిలాలు గోలగోలగా అరుస్తున్నాయి. మన చెవికి సెకనుకు ఇరవై వేల కంపనాలు దాటితే వినపడదు. వాటి కేకలు ఆ పైన. కేక వేస్తుంది, ఆ కేక దేనికో తగిలి తిరిగి వస్తుంది, వచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఎదుట వున్నది గోడో, కొమ్మో, పురుగో గ్రహిస్తుంది. వెతికేటప్పుడు సెకనుకు పదీ పదిహేను కేకలు, పురుగు దగ్గరపడేసరికి వందకు పైగా. గ్రిఫిన్, అతని మిత్రుడు గలాంబోస్ కలిసి ఇదంతా రుజువు చేసి సభలో చెబితే ఒక పెద్దాయన నమ్మలేక గలాంబోస్ భుజాలు పట్టుకుని కుదిపేశాడట. 1944లో గ్రిఫిన్ దీనికి ఒక పేరు కూడా పెట్టాడు. మనం ప్రతిధ్వని చూపు అందాం.

సరే, అంతటి వేటగాడు ఆకాశంలో వుంటే శలభం గతేమిటి? ఇక్కడే నాకు రెండో చుట్టం మీద కూడా గౌరవం కలిగింది. శలభానికి చెవులున్నాయి. తలమీద కాదు, రెక్కల వెనక, నడుము దగ్గర. శనగపచ్చ పురుగు వంశంలో ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు రెండంటే రెండే. మన చెవిలో వేలున్నాయి, అయినా వంటింట్లోంచి పిలిస్తే హాల్లో కూర్చున్న మగవారికి వినపడదు. ఆ రెండు కణాలే శలభానికి చాలు. 1957లో కెన్నెత్ రోడర్, ఆషర్ ట్రీట్ అనే ఇద్దరు అమెరికన్లు ఆ కణాలు ఎలా పనిచేస్తాయో కనిపెట్టారు. ఒక కణం మహా సున్నితం. గబ్బిలం ఎక్కడో దూరాన, ముప్ఫై మీటర్ల అవతల వుండగానే దాని కేక పట్టేస్తుంది. గబ్బిలానికేమో శలభం కొన్ని మీటర్ల దగ్గరకొస్తేగాని తెలియదు. అంటే శలభానికి ముందుచూపు కాదుగానీ ముందువినికిడి. అప్పుడు మెల్లగా దిశ మార్చుకుంటుంది. కేక మరీ దగ్గరయితే రెండో కణం కూడా మేలుకుంటుంది. ఇక దిశా లేదు దిక్కూ లేదు, రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి పడిపోవడమే, లేదంటే గింగిరాలు తిరగడమే.

రోడర్‌కు ఇది చూపించడానికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేకపోయింది. దీపం దగ్గర తాళంచెవుల గుత్తి ఆడిస్తే చాలు. ఇనపతాళాలు ఒకదానికొకటి తగిలినప్పుడు మనకు వినిపించే గలగలతోపాటు మనకు వినపడని సన్నటి శబ్దాలు కూడా పుడతాయి. శలభం దాన్ని గబ్బిలం అనుకుంటుంది. ఈసారి వరండాలో దీపం చుట్టూ పురుగులు మూగినప్పుడు మీ బొడ్లో తాళాల గుత్తి తీసి గలగలలాడించి చూడండి. అన్నీ పడవు. చెవులున్నవాటిలో కొన్ని తప్పకుండా ఉలిక్కిపడతాయి. మా ఇంట్లో నేను ఆ పని చేస్తుంటే మా పనిమనిషి "పురుగులకు లాలి పాడుతున్నారా అమ్మా" అంది.

కొన్ని జాతులు పారిపోవడంతో ఊరుకోవు, ఎదురు మాట్లాడతాయి కూడా. 1965లో డొరొతీ డన్నింగ్ అనే ఆమె రోడర్‌తో కలిసి చూపించిన సంగతి ఇది. టైగర్ మాత్ అనే వంశంలోని శలభాలు గబ్బిలం మీదికొస్తుంటే టకటకా చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడు విని గబ్బిలం పక్కకు తప్పుకుంటుంది. చాలావాటికి ఆ టకటకలకు అర్థం "నన్ను తింటే చేదు" అని. 2009లో మరో రకం బయటపడింది. అది గబ్బిలం ప్రతిధ్వనినే చెడగొట్టి దాన్ని తికమక పెడుతుంది. మన అనంతపురం వేరుశనగ చేల మీద పడే ఎర్ర గొంగళిపురుగు ఈ టైగర్ మాత్ వంశంలోదే. ఇక తేనెతుట్టెల్లో మైనం తినే ఒక శలభం వుంది. సెకనుకు మూడు లక్షల కంపనాల దాకా వినగలదని 2013లో తేల్చారు. అంత సన్నగా అరిచే గబ్బిలం ఇప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు. అవసరానికి మించిన చెవి అన్నమాట. మన పక్కింట్లోనూ వుంటారు అలాంటివాళ్ళు.

గబ్బిలానికి భయపడే శలభం చెవులు తెచ్చుకుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. 2019లో శలభాల వంశవృక్షాన్ని తిరగేసి చూస్తే కొన్ని వంశాల్లో చెవులు గబ్బిలాలు పుట్టకముందు నుంచే వున్నాయని తేలింది. అత్తగారు కాపురానికి రాకముందే కోడలు సర్దుకుపోవడం నేర్చుకున్నట్టుంది.

మరి దీపం మీద వలపు? అదీ నిలబడలేదు. 2024 జనవరిలో వెలువడిన ఒక పరిశోధనలో, దీపం చుట్టూ తిరిగే పురుగుల్ని వేగంగా ఫొటోలు తీసే కెమేరాలతో చూశారు. అవి దీపంవైపు పోవడం లేదు. దీపానికి వీపు తిప్పుతున్నాయి. రాత్రి పూట కూడా నేలకన్నా ఆకాశమే కాస్త వెలుగుగా వుంటుంది. వెలుగు వీపు మీద వుంటే తను నిటారుగా ఎగురుతున్నట్టు లెక్క. కోట్ల ఏళ్ళుగా శలభానికి ఆ లెక్క తప్పలేదు. మధ్యలో మనం వచ్చి గోడకు బల్బు తగిలించాం. వెలుగు పక్కనుంచి వచ్చేసరికి వీపు అటు తిప్పుతుంది, పక్కకు ఒరుగుతుంది, చుట్టూ తిరుగుతుంది, దీపం పైకి పోతే వెల్లకిలా పడుతుంది. విరహమూ లేదు, త్యాగమూ లేదు. ఏది పైనో ఏది కిందో తెలియక తల తిరుగుతోంది పాపం. నా పాత నవలలు రెండింటిలో శలభం వుంది, వాటిని దిద్దే ఉద్దేశం మాత్రం నాకు లేదు. తల తిరగడం కూడా ప్రేమలో ఒక లక్షణమే కదా.

ఇంతవరకూ వినోదం. ఇక లెక్కకు వస్తాను, ఇల్లు నడిపే మనకు లెక్క బాగా తెలుసు గనక.

శనగపచ్చ పురుగు ఆడశలభం బతికేది ఒకటి రెండు వారాలు. ఆ కాస్త బతుకులో వెయ్యి దాకా గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. నెలా నెలాపదిరోజులకు ఒక తరం. పసుపు గబ్బిలం ఏడాదికి ఒకసారి, ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. రొమ్ముకు కరిపించుకుని పాలిచ్చి పెంచుతుంది. గబ్బిలాలకు వాటి సైజుకు మించిన ఆయుష్షు. సైబీరియాలో ఏడు గ్రాముల గబ్బిలం ఒకటి 1964లో గుర్తు కట్టి వదిలితే 2005లో మళ్ళీ దొరికింది. 41 ఏళ్ళు! తక్కువమందిని కని, ఎక్కువకాలం బతికి, ఒక్కొక్కరినీ పెంచి పెద్దచేసే సంసారం గబ్బిలానిది. వెయ్యిమందిని కని గాలికి వదిలేసే సంసారం శలభానిది.

ఈ చేనులో విషం కొట్టారనుకోండి. వెయ్యిలో తొమ్మిది వందల తొంభై శలభాలు చచ్చి, ఎందుకో ఆ మందుకు లొంగని పది మిగిలాయనుకోండి. ఆ పదీ తమలో తాము వియ్యాలందుకుంటాయి. వాటి పిల్లలకు ఆ మందు మజ్జిగతో సమానం. రెండు మూడేళ్ళకు చేనంతా వాళ్ళ సంతానమే. గబ్బిలానికి ఇంత హడావుడి కుదరదు. పదింట్లో తొమ్మిది పోతే ఆ లోటు పూడటానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

ఇది నేను కల్పించిన లెక్క కాదు, మన జిల్లాలు అనుభవించిన లెక్క. 1970లలో సంకర పత్తి వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్ళు తెల్లబంగారం పండించాయి. 1980లలో పైరిత్రాయిడ్లనే కొత్త మందులు వచ్చాయి. మొదట అద్భుతంగా పనిచేశాయి. పురుగు కనిపిస్తే కొట్టు, కనిపించకపోతే ముందు జాగ్రత్తకు కొట్టు. 1987-88 పంటకాలానికి తెల్లదోమ, శనగపచ్చ పురుగు రెండూ విరుచుకుపడ్డాయి. ఎన్నిసార్లు కొట్టినా లొంగలేదు. మందులకు తెచ్చిన అప్పు, భూమి కౌలు, పిల్ల పెళ్ళికి చేసిన అప్పు ఒక్కసారే మీదపడి, ఎంతోమంది రైతులు పురుగు చావని ఆ మందే తాగి చచ్చిపోయారు. ఆ ఏడు నేను చిన్నపిల్లను. నర్సరావుపేట వైపు ఇచ్చిన మా పిన్ని ఆ సంక్రాంతికి పుట్టింటికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. "పురుగు చస్తే కదే" అని అమ్మ వంటింట్లో ఎవరితోనో అనడం నాకు జ్ఞాపకం. మళ్ళీ పదేళ్ళకు, 1997-98లో, వరంగల్ వైపు అదే విషాదం. 2002లో పురుగును చంపే గుణాన్ని విత్తనంలోనే పెట్టిన బీటీ పత్తి వచ్చింది. శనగపచ్చ పురుగు తగ్గిందిగానీ, దాని పినతల్లి కూతురు లాంటి గులాబీరంగు పురుగు దానిక్కూడా అలవాటుపడిపోయింది. అదీ శలభమే.

రాత్రంతా చేను మీద తిరిగే ఆ శలభాల్ని జీతంబత్తెం లేకుండా తినేవాళ్ళెవరు? మనింటి పసుపు గబ్బిలం వంటకాల్లో పెంకుపురుగులు, వానాకాలపు ఉసిళ్ళు, శలభాలు వుంటాయి. దాన్నొక్కదాన్నే వదిలితే పత్తి పండిపోతుందని నేననను. అలాంటి మాటలు మందుల కంపెనీలు చెప్పేవే చాలు. కానీ అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో మన పురుగుకు అక్కచెల్లెలనదగ్గ జాతి పత్తిచేల మీద పడుతుంది. అక్కడి గుహల్లో లక్షల గబ్బిలాలున్నాయి. ఎనిమిది తాలూకాలంత ప్రాంతంలో అవి పత్తిరైతుకు మిగిల్చే డబ్బు ఏడాదికి ఏడు లక్షల డాలర్ల పైచిలుకని 2006లో లెక్క కట్టారు. మందు ఖర్చు తగ్గడం, కాయ దక్కడం రెండూ అందులో వున్నాయి. మన దగ్గర గబ్బిలానికి ఆ లెక్క కట్టి చీటీ రాసిచ్చిన పెద్దమనిషి నాకు కనపడలేదుగానీ, చీపురు మాత్రం ప్రతి ఇంట్లోనూ వుంది.

చట్టం కూడా దానికి అత్తారిల్లే అయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో రక్షించాల్సిన వాటి జాబితాలతోపాటు, చంపినా తప్పులేని వాటి జాబితా ఒకటుండేది. అందులో కాకి, ఎలుకలతో కలిపి పండ్ల గబ్బిలాన్ని కూర్చోబెట్టారు. మామిడిపండో జామపండో తిన్న నేరానికి. తిన్న పండ్ల గింజలు ఊరంతా చల్లి అడవుల్ని మొలిపించేదీ, రాత్రిపూట విచ్చే పూలకు పుప్పొడి అందించేదీ అదేనని గుర్తొచ్చేసరికి యాభై ఏళ్ళు పట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు.

చట్టంకన్నా ముందే దానికి పీట వేసినవాడు ఒకడు మన గుంటూరు జిల్లావాడే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ. 1941లో ఆయన 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు మేఘాన్ని పంపాడు, తక్కినవాళ్ళు హంసలనీ చిలకలనీ పంపారు. జాషువ కథలో గుడిలోకి రానివ్వని పేదవాడు తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. ఎందుకంటే మనిషిని గుమ్మంలో ఆపేవాళ్ళు గబ్బిలాన్ని ఆపలేరు, అది దేవుడి చెవి పక్కనే వేలాడుతుంది. అందరూ ఛీకొట్టే ప్రాణికే ఛీకొట్టబడిన మనిషి బాధ అప్పగించాడు. చెవితో చూసే ప్రాణి అది అని అమెరికాలో గ్రిఫిన్ రుజువు చేస్తున్న ఆ ఏళ్ళలోనే, వినడానికి దానికి మించినవాళ్ళు లేరని ఇక్కడ జాషువకు తోచింది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు.

నిజాంపట్నంలో మా పెద్దమ్మ దొడ్లో నాలుగు తాటిచెట్లుండేవి. కల్లు గీసే ముసలాయన ఒకాయన ఏటా ఎండుమట్టలు కొట్టి ఇచ్చేవాడు, వంటచెరక్కి. ఒక ఏడు ఒక చెట్టు మాత్రం వదిలేశాడు. పెద్దమ్మ అడిగితే పైనుంచే "పిల్లతల్లులున్నాయమ్మా, నెల పోయాక కొడతా" అన్నాడు. "గబ్బిలాలకు పురుడేమిట్రా నా దొడ్లో" అని పెద్దమ్మ విసుక్కుంది. మట్టలు మాత్రం ఆ నెల కొట్టించలేదు. పురిటాల్ని కదల్చకూడదు కదా, గబ్బిలమైతే మాత్రం. పెంకుటిళ్ళు పోయి డాబాలు లేచాయి, గోడల్లో సందులు మూసుకుపోయాయి. తాటిచెట్లు కూడా రోడ్లకీ ప్లాట్లకీ పోతున్నాయి. ఆ పిల్లతల్లులు ఎక్కడ దిగాలో వాటినే అడగాలి.

మీ ఇంట్లోకి దూరితే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను, లేకపోతే ఉత్తరాలు రాస్తారు. చేత్తో పట్టుకోవద్దు. భయంతో కరవచ్చు, కరిస్తే రేబిస్ టీకా వేయించుకోవాలి, అందులో అశ్రద్ధ పనికిరాదు. చీపురెత్తొద్దు, దాని రెక్క మనం రవికకు వాడే పలచటి గుడ్డకన్నా సున్నితం. ఫ్యాను కట్టేయండి. గదిలో లైటార్పి, కిటికీలు బార్లా తెరిచి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేయండి. కాసేపటికి దారి అదే వినుక్కుని వెళ్ళిపోతుంది. లైటార్పారు గనక శలభం కూడా దాని దారిన అది పోతుంది. మా పెద్దమ్మ మాత్రం గబ్బిలం వచ్చిందంటే అందర్నీ "జుట్టు ముడేసుకోండే, జుట్టులో దూరితే గుండు గీయిస్తేగాని రాదు" అనేది. పిడికెడు దూరంలో దోమను తప్పించుకోకుండా పట్టేది మన తలను చూడక గుద్దుకుంటుందా అని నేనిప్పుడు అడగొచ్చు. ముడేసుకోవడం మాత్రం మీ ఇష్టం.